పాతపాళ్య బావిలో ఊట ఫొటో

ముత్యాలప్ప బాగేపల్లిలో ఇరవై ఆరేళ్ళు ఫొటో స్టూడియో నడిపాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక తలుపులు మూసేశాడు. పెళ్ళిళ్ళకు వాడిన కెమెరాలన్నీ ఒక్కొక్కటిగా అడిగినవాళ్ళకు ఇచ్చేశాడు. ఒక్కదాన్ని మాత్రం ఇవ్వలేదు. అది నీళ్ళలో మునిగి ఫొటోలు తీసే కెమెరా.

సముద్రం మొహం చూడని ఆ తాలూకాకు దాన్ని తెచ్చినవాడు సూర్యప్రకాశ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు. 1987లో బావుల సర్వేకి వచ్చాడు. బావి గోడల్లో ఊటలు ఎక్కడున్నాయో ఫొటోలు తీయాలి, ఆయనకేమో ఈత అంతంత మాత్రం. ముత్యాలప్పకు అప్పుడు ఇరవై ఏడేళ్ళు. ఒక్క మునకలో నిమిషమున్నర ఊపిరి బిగబట్టగలడు. అందుకని సూర్యప్రకాశ్ ముత్యాలప్పనే లోపలికి దింపాడు. సర్వే ముగిసి వెళ్ళిపోతూ కెమెరాను ముత్యాలప్ప చేతిలో పెట్టాడు.

జపానులో చేసిన కెమెరా అది. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది కానీ బరువు. బ్యాటరీ లేదు, వైరు లేదు. బెల్టు తగిలించే కొక్కేలనే మీటలుగా వాడి పైకి ఎత్తితే లోపలి భాగం సొరుగులా బయటికొస్తుంది. రీలు అక్కడ ఎక్కించాలి. కటకానికి రెండు పక్కలా రెండు మరలు. ఒకటి వెలుతురుకు, ఒకటి దూరానికి. ఫొటో తీయడానికీ రీలు తిప్పడానికీ ఒకటే మీట. ఒకసారి నొక్కితే బొమ్మ పడుతుంది, మళ్ళీ తోస్తే రీలు జరుగుతుంది. నీళ్ళు లోపలికి పోకుండా కాపాడేవి మూడు నాలుగు రబ్బరు రింగులు, వాటికి పూసే గ్రీజు, అంతే. బొమ్మ స్పష్టంగా ఉందో లేదో కెమెరా చూపించదు, దూరం మనమే అంచనా వేయాలి. నీళ్ళలో వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తాయి. "కొలిచిన దూరం పెట్టొద్దు, కంటికి కనబడిన దూరమే పెట్టు" అని సూర్యప్రకాశ్ నేర్పాడు. ఊట ఎంత పెద్దదో తెలిసేందుకు పక్కన ఎడమ చెయ్యి ఆనించి తీయమని కూడా చెప్పాడు.

ఆ తరువాత తొమ్మిదేళ్ళలో ముత్యాలప్ప అరవైకి పైగా బావుల్లో దిగాడు. ఆయన ఫొటో చూశాకే రైతులు బావి గోడలోకి అడ్డబోరు ఎక్కడ వేయించాలో తేల్చుకునేవాళ్ళు. పాతపాళ్యలో చెల్లెలు మునిరత్నమ్మ బావికీ అలాగే, 1988లో, తూర్పు గోడలో ఊట చూపించాడు. ఆ నీళ్ళతో వాళ్ళు పదిహేనేళ్ళు వేరుశనగ, టమాటా పండించారు. తరువాత చుట్టూ వెయ్యి అడుగుల బోర్లు పడ్డాయి. బావులు ఎండాయి. కెమెరా బీరువాలోకి చేరింది.

2021 కార్తీకంలో కురిసిన వానలకు ఆ బావి మళ్ళీ నిండింది. భర్త ఆంజనేయప్ప పోయాక ఒంటరిగా సేద్యం చేస్తున్న మునిరత్నమ్మ అర ఎకరంలో టమాటా నాటింది. మొక్కలు నిలదొక్కుకునేలోగా పొలం పక్క గుట్టమీద రాతి క్వారీ పెడతారన్న కబురు వచ్చింది. అభ్యంతరం చెప్పుకోవడానికి ఆమె చిక్కబళ్ళాపురంలో ఒక ఆఫీసుకు వెళ్ళి, వచ్చేటప్పుడు బాగేపల్లిలో అన్న ఇంటి ముందు దిగింది.

"నీళ్ళూరే బావి పక్కన క్వారీకి ఒప్పరంట, మన బావి పాడుబడిందని దాఖలాల్లో ఉండాదంట అన్నా. ఇప్పుడుండేవి వాననీళ్ళే, రెండు నెల్లలో ఇంకిపోతాయంటాండారు. ఊట ఉండాదని చెప్తే ఏదీ చూపించమంటాండారు. యాడ చూపించేది?"

"నేను చూపిస్తా లే" అన్నాడు ముత్యాలప్ప.

రబ్బరు రింగులు బోరు మోటార్ల షాపులో కొలత చూసి ఏరుకున్నాడు. రీలు కోసం బెంగళూరు వెళ్ళాడు. రంగుల రీలైతే కడగడానికి ఎక్కడికో పంపాలి. నలుపు తెలుపుదైతే ఇంట్లో తానే కడుక్కోవచ్చు. అదే తెచ్చాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం బావిలో దిగాడు. నడుముకు తాడుతో రాయి కట్టుకున్నాడు. ఎండ ఏటవాలుగా పడుతూ తూర్పు గోడ అడుగుదాకా పోవడం లేదు. మునిరత్నమ్మ బీరువా తలుపు అద్దం ఊడదీసి తెచ్చి, గట్టుమీద నిలబడి ఎండను లోపలికి మళ్ళించింది. మొదటి మునకలో చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. రెండోసారి ఇరవై అడుగుల లోతున రాతి చీలిక చేతికి తగిలింది. అద్దం వెలుగు అటు ఇటు ఊగి చివరికి అక్కడే ఆగింది. చీలిక నోట్లో ఇసుక రేణువులు ఎసట్లో బియ్యంలా పైకీ కిందికీ ఆడుతున్నాయి. అంత నీళ్ళలోనూ ఆయనకు నవ్వొచ్చింది. ఎడమ చెయ్యి ఆనించి మీట నొక్కాడు, తోశాడు, నొక్కాడు.

మూడో మునకలో కుడి చెవిలో ఏదో పుటుక్కుమంది. పైకి వచ్చేసరికి చెవిలోంచి సన్నగా రక్తం కారుతోంది.

"చాలన్నా. వచ్చేయ్ పైకి" అంది మునిరత్నమ్మ.

రీలు కడిగి చూస్తే ఏడు బొమ్మలు కనిపించాయి, వాటిలో ఒక్కటి బాగా వచ్చింది. చీలిక, ఎగురుతున్న ఇసుక, పక్కన ఆయన చెయ్యి. తన జీవితంలో తీసిన మంచి ఫొటోల్లో అదొకటని ముత్యాలప్పకు అనిపించింది. అదే ఊట అని రుజువు కావాలని 1988 నాటి నలుపు తెలుపు ఫొటో కూడా వెతికి తీసి, రెండూ పట్టుకుని చెల్లెలితో ఆఫీసుకు వెళ్ళాడు.

అక్కడి అధికారిణి నయన చిన్న వయసామె. ఇద్దరినీ కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"వీటిల్లో ఇప్పటిది ఏదప్పా?"

"ఇది మేడం."

"నాకు రెండూ ఒకే తీరుగా ఉండాయి. తారీఖు యాడుండాది?"

"రీలు కెమెరామ్మా. తారీఖు పడదు."

"చెయ్యి మీదే గదా, రెండింట్లోనూ?"

ముత్యాలప్ప ఫొటోల మీదికి వంగాడు. పాత ఫొటోలోనూ వేళ్ళు ముడతలు పడే ఉన్నాయి. నీళ్ళలో నానిన చెయ్యి ఏ వయసుదైనా అలాగే ఉంటుంది. ఈ చెయ్యి అరవై రెండేళ్ళదని చూపడానికి ఆయనకు ఏమీ దొరకలేదు.

"మీరు అబద్ధం చెప్తాండారని నేను అనడంలే" అంది నయన. "పైకి పంపితే వాళ్ళు పాత ఫొటో అనే అంటారు. ఫోన్లో వీడియో తీసుకురండి. తారీఖు, జాగా అన్నీ దాంట్లోనే పడతాయి. పది దినాలు టైముండాది."

చెవిపొర చినిగింది, ఇక నీళ్ళలో మునగకూడదని డాక్టరు అప్పటికే చెప్పాడు. ఊళ్ళో అంత లోతుకు మునిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అలవాటు తప్పి ఎన్నేళ్ళో అయింది. మునిరత్నమ్మ తన ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తాడు కట్టి లోపలికి వదిలింది. పచ్చటి చీకటి తప్ప దాంట్లో ఏమీ పడలేదు. రెండోసారి వదిలితే కవర్లోకి నీళ్ళు పోయి ఫోనే ఆగిపోయింది. పదో రోజు దాటింది. ఉగాదికి ముందు క్వారీకి అనుమతి వచ్చింది.

"రంగుల రీలు తెచ్చుండాల్సింది" అన్నాడు ముత్యాలప్ప ఆ సాయంత్రం. కుడి చెవి వినిపించక గొంతు పెద్దదైంది ఆయనకు. "కొత్తదని వాళ్ళకే తెలిసేది. తప్పు నాదే రత్నా."

"రంగులుంటే మాత్రం వాళ్ళు నమ్ముతారా" అంది ఆమె. కాసేపటికి, "చెవి ఎట్లుండాది?" అని అడిగింది. కుడి పక్కనుంచి అడిగిన ఆ మాట ఆయనకు వినబడలేదు.

పేలుళ్ళు మొదలైన ఆరో నెలకు బావిలో నీళ్ళు సగానికి దిగాయి. మరుసటి ఎండాకాలానికి అడుగు కనిపించింది. ఊట ఎటు మళ్ళిందో చెప్పగలిగినవాళ్ళు లేరు. క్వారీ గుంతలో మాత్రం ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉంటున్నాయి, రోజూ మోటారు పెట్టి బయటికి తోడేస్తున్నారు. మునిరత్నమ్మ పైపులు విప్పించి పశువుల కొట్టంలో పడేసింది. చిక్కబళ్ళాపురం దారిలో గులాబీలు కట్టలు కట్టే షెడ్డులో పనికి కుదిరింది.

ఒక ఆదివారం ముత్యాలప్ప వచ్చి, గోడలోని రాతిమెట్లు పట్టుకుని ఎండిన బావిలోకి దిగాడు. చీలిక దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చీమలు బారులుగా లోపలికి పోతున్నాయి, బయటికి వస్తున్నాయి.

పైకి వచ్చాక చెల్లెలు రాగిముద్ద, పులుసు పెట్టింది. సగం తిన్నారో లేదో క్వారీ సైరన్ మోగింది. అది ఎటునుంచి వస్తోందో ఆయనకు తెలియలేదు. ఆమె భుజం తట్టి గుట్టవైపు చూపించింది. రోజూ ఆ వేళకు, పేలుడు అయ్యేదాకా, చుట్టుపక్కల పొలాల్లోవాళ్ళంతా రోడ్డుమీదికి పోయి నిలబడాలి. ఇద్దరూ పళ్ళాల మీద మూతలు పెట్టి లేచారు.