తడి ఆరని రాయి

కోవూరులో లెక్కల పంతుల్ని నేను. దయ్యమని ఎవడన్నా మాటెత్తితే "చూపించరా, కొలతలు తీసుకుందాం" అనే రకం. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

నయాపైసలు వచ్చిన కొత్తలో సంగతి. మా అక్క మొగుడు, మా బావ, రైసుమిల్లులో గుమాస్తా. ఆయనకు పాత రాళ్ళ పిచ్చి. ఆదివారం వస్తే చాలు, నన్నూ సైకిలెక్కించి, ఫలానా చోట శాసనం ఉందనో, కోట గోడ మిగిలుందనో మట్టిబాటలన్నీ తిప్పేవాడు. రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్షుతో దరువేసి, మసి అద్దేవాడు. నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా లేచేవి. అవి చూసి పసిపిల్లాడిలా మురిసిపోయేవాడు. నాకు రాళ్ళ మీద అంత మోజేమీ లేదు. బావ కబుర్ల కోసం పోయేవాణ్ణి.

ఆ వేసవిలో, వాకాడుకు తూర్పుగా సముద్రపు ఒడ్డున దొరల సమాధులున్నాయని ఎవరో చెప్పారు. సైకిళ్ళు బస్సు మీద వేసుకుని వాకాడు పోయాం. పడవలో కాలవ దాటి, గట్టు వెంబడి దక్షిణంగా రెండు మైళ్ళు తొక్కాం. దారిలో ఒక జాలర్ల పల్లె చివర చేపలు ఎండేస్తున్న అవ్వ మాకు నీళ్ళిచ్చింది. ఎక్కడికి పోతున్నామో తెలిశాక ఆమె ముఖం మారింది.

"ఆడ పని జూసుకోని గమ్మున వొచ్చేయండి అయ్యోరా. పోయొస్తామని మాత్రం అనబాకండి. సావింట్లో అంటామా ఆ మాట?"

నిజమే, చావు జరిగిన ఇంటి నుంచి ఎవరం చెప్పి రాము. రాళ్ళకు కూడా ఆ పట్టింపేమిటని బావ దారంతా నవ్వాడు.

ఇసుకలో మూడు సమాధులు. రెండు పగిలిపోయాయి. మూడోదాని మీద ఏ దేశపువో అక్షరాలు. బావ నీళ్ళు చల్లి కాగితం పరిచాడు. పని అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కాగితం చుట్టి సైకిలుకు కట్టాక, బావ వెనక్కి తిరిగి సమాధికి సలాం కొట్టాడు.

"నేనూ మా బామ్మర్దీ మళ్ళీ వొస్తాం దొరగారూ. పోయొస్తాం!"

నేనూ నవ్వాను. అది దాచను.

తిరుగుదారి ఒకటే. కాలవ ఎడమ చేతి వైపు, సముద్రం కుడి వైపు. ఎక్కడా మలుపు లేదు, చీలిక లేదు. అరగంట తొక్కాం. పడవ రేవు కనిపించాల్సిన చోట మూడు సమాధులు కనిపించాయి. మేం అన్నం తిని పారేసిన అరిటాకు అక్కడే ఉంది.

సైకిలు దిగి రాతి మీద చెయ్యి పెట్టాను. తడిగా ఉంది. ఆ ఎండకు దోసెడు నీళ్ళు చిటికెలో ఆరిపోవాలి. మేం చల్లి గంట దాటింది. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏదో అనబోయాడు. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

"మాట్లాడబాక బావా. గమ్మున రా."

సైకిళ్ళు నెట్టుకుంటూ, వెనక్కి చూడకుండా నడిచాం. ఈసారి రేవు వచ్చింది. పడవలో బావ నా చెయ్యి వదల్లేదు. "మీ అక్కకు జెప్పబాక. వొట్టి మనిషి గాదు, బెదురుకుంటుంది" అన్నాడు. నేను చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే ఈనాటికీ నన్ను తినేస్తోంది.

మూడు వారాలు బావ సైకిలు ముట్టలేదు. నాలుగో ఆదివారం పొద్దున్నే అక్క ఆయాసపడుతూ మా ఇంటికి వచ్చింది.

"మీ బావ సైకిలేసుకోని యాడికో పోయినాడురా. ఏ రోజైనా పోయొస్తా అనే మనిషి, ఇయ్యాల వాకిట్లో నిలబడి 'పోతుండా' అన్నాడు. అదేం మాటరా?"

దొరికిన బస్సెక్కి పోయాను. మూడు గంటలకు సమాధుల దగ్గర ఉన్నాను. సైకిలు మూడో సమాధికి ఆనించి ఉంది. ఇసుకలో చక్రాల జాడ అక్కడి దాకా ఉంది. అక్కడి నుంచి మనిషి అడుగు ఒక్కటీ ఎటూ లేదు. రాయి తడిగా ఉంది.

పల్లెవాళ్ళు సముద్రంలో వలలు వేసి వెతికారు. పోలీసులు వచ్చారు. ఏమీ దొరకలేదు.

అక్కకు కొడుకు పుట్టాడు. వాడికిప్పుడు ఎనిమిదేళ్ళు. బొట్టు తీయమని పెద్దలు ఎంత పోరినా అక్క తీయలేదు. "పోయొస్తా అనలేదు, సరే. రానని గూడా అనలేదు గదరా" అంటుంది. సమాధి సంగతి ఆమెకు నేను ఇంకా చెప్పలేదు. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా నాకు తేలలేదు. ఆ వైపు మళ్ళీ పోలేదు. ఆ రోజు బావ నా తరఫున కూడా మాటిచ్చాడు. అందుకే గడప దాటేటప్పుడు, ఇంట్లో వినేవాళ్ళు లేకపోయినా, "పోయొస్తా" అని గట్టిగా అంటాను.

మొన్న బడికి బయలుదేరి వీధి చివరి దాకా పోయాను. మా ఆవిడ వెనక నుంచి కేకేసింది.

"ఏందండీ, చెప్పకుండానే పోతుండారు? బడి ఇటైతే అటు పోతారేంది?"

తలెత్తి చూసుకుంటే, నేను బస్టాండు దారిలో నిలబడి ఉన్నాను. ఎప్పుడు తిరిగానో తెలియదు. ఆమె పిలవకపోతే ఎక్కడ దిగేవాణ్ణో మాత్రం తెలుసు.