చిన్నాయన ఖాళీ కంప్యూటర్

పోయిన నెల ఒక మధ్యాహ్నం, రాయదుర్గంలోని మా ఆఫీసులో నేను అన్నం డబ్బా మూత తీస్తూ ఉండగా చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆమె పగటిపూట ఫోన్ చేసే మనిషి కాదు. "మీ చిన్నాయన ఇగ లేడు బిడ్డా," అంది. "పొద్దుగాల పనికి కూసున్నడు. చాయ్ తెచ్చి పిలిస్తే పలుకలే." డెబ్బై దాటిన మనిషి, నొప్పి అనకుండా, దవాఖాన గడప తొక్కకుండా, తన కుర్చీలోనే పోయాడు. అలాంటి చావు అందరికీ దొరకదని చూడడానికి వచ్చినవాళ్లంతా అన్నారు. నిజమే. అయినా ఆ రోజు నేను డబ్బా మూత మళ్లీ పెట్టేసి, మెట్ల దగ్గరికి వెళ్లి బాగా ఏడ్చాను.

ఆయన నాకు రక్తసంబంధి కాడు. బోరబండ స్టేషన్ వెనక సందులో, ఇంటి ముందు గదిలోనే చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడిపేవాడు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, చిన్న చిన్న పుస్తకాలు, ఏది తెచ్చినా అచ్చువేసేవాడు. ఆయన భార్య, మా చిన్నమ్మ, బైండింగ్ చూసుకునేది. బస్తీలో అందరూ ఆయన్ను 'కాకా' అని పిలిచేవాళ్లు. నాకు మాత్రం చిన్నాయన. మా కడప వైపు నాన్న తమ్ముణ్ణి అలా పిలుస్తాం.

నేను ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్లేనాటికి నిజాంపేటలో హాస్టల్లో ఉంటున్నాను. ఉద్యోగంలో చేరి రెండు నెలలు, ఇంకా పర్మనెంట్ కాలేదు. రకరకాల సూచనల పుస్తకాలను మన భాషల్లో తయారుచేయడం మా కంపెనీ పని. నాకు అప్పగించిన మొదటి పుస్తకం ముప్పై రెండు పేజీలది, పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక డాక్టర్ గారు రాసింది. పసిపిల్లలకు జ్వరమొస్తే ఏం చేయాలి, ఎంత బరువున్న బిడ్డకు ఎంత మందు పోయాలి, అన్నీ అందులో ఉన్నాయి. మందు మోతాదులు వెంటనే కంటపడాలని ఆ వరుసలన్నీ లావు అక్షరాల్లో పెట్టాను. పుస్తకం బాగా వస్తే ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే పెట్టె సర్దుకుని కడప బస్సు ఎక్కాలి. పెన్‌డ్రైవ్‌ను పర్సులో భద్రంగా పెట్టుకుని, అచ్చుకివ్వడానికి హైటెక్ సిటీలో లోకల్ రైలెక్కి, ఒక్క స్టేషన్ దూరంలో దిగాను.

ఆయన నా పీడీఎఫ్ తెరిచి ఒక్క పేజీ కూడా చదవలేదు. ఆ ఫైల్లో వాడిన ఫాంట్ల జాబితా తీసి, తెరమీద వేలుపెట్టి, బడిలో హాజరు పిలిచినట్టు మొదలుపెట్టాడు.

"ఈడు ఉన్నడు. ఈడు ఉన్నడు. ఈడూ ఉన్నడు. గీడు రాలే."

"ఎవరు రాలేదు చిన్నాయనా?" అనేశాను కంగారులో. ఆయన కళ్లజోడు పైకి తోసి నావైపు చూశాడు.

"చిన్నాయన? మంచిగుంది, గట్లనే పిలువు. రానిది నీ లావు అక్షరం. ఫైల్ల ఎక్కలే."

అక్షరాల రూపురేఖలు ఫాంట్‌లో ఉంటాయి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఆ ఫాంట్‌ను కూడా ఫైల్ లోపల పెట్టి పంపాలి. దాన్నే ఎంబెడ్ చేయడం అంటారు. పెట్టకపోయినా మన కంప్యూటర్‌లో ఏ తేడా కనిపించదు, ఎందుకంటే ఆ ఫాంట్ మన దగ్గర ఎలాగూ ఉంటుంది. అది లేని కంప్యూటర్‌లో తెరిచినప్పుడు బయటపడుతుంది అసలు రంగు. ఇదంతా ఇప్పుడు పెద్ద ఆరిందాలా చెబుతున్నాను కానీ, ఆ రోజు నాకు ఒక్క ముక్క తెలియదు. పైగా వాదించాను కూడా.

"మా కంప్యూటర్లో బాగానే ఉండాది చిన్నాయనా. నిన్నంతా చూస్తానే ఉన్నా."

"ఇంట్ల పులి, వీధిల పిల్లి," అని ఆయన లేచి మూలకు నడిచాడు.

ఆ మూలన ఒక పాత కంప్యూటర్ ఉండేది. లావు మానిటర్, పసుపురంగుకు తిరిగిన కీబోర్డు. అందులో ఒక్క తెలుగు ఫాంట్ కూడా ఉండదు. కావాలనే ఉంచలేదు. ప్రెస్‌కు వచ్చిన ఏ ఫైలైనా ముందు ఆ ఖాళీ కంప్యూటర్ మీద నిలవాలి, ఆ తర్వాతే అచ్చుకు. "ఎవ్వరూ ఎరుకలేని ఇంట్ల గూడ నీ ముచ్చట నువ్వు చెప్పుకోగలగాలె. గప్పుడే అది ఫైలు," అనేవాడు.

అక్కడా తెరమీద వేలుపెట్టి మళ్లీ హాజరు పిలిచి, నా పుస్తకం తెరిచాడు. మామూలు వరుసలన్నీ చక్కటి తెలుగులో ఉన్నాయి. మందు ఎంత పోయాలో రాసిన ప్రతిచోటా మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడి ఉన్నాయి. పుస్తకం మొత్తం పాడై ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు. పైపైన తిరగేసినవాళ్లకు ఇది బాగున్నట్టే కనిపిస్తుంది. అలాగే పల్లెలకు చేరిపోయేది.

పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫైలును ఆయన పనిచేసే కంప్యూటర్‌లో తెరిచి, ఆయన చెప్పినట్టు అన్ని ఫాంట్లూ లోపల పెట్టమని టిక్కు కొట్టి మళ్లీ పీడీఎఫ్ చేశాను. మళ్లీ అదే వరస. ఆ లావు ఫాంట్‌ను తయారుచేసినవాళ్లే ఫైళ్లలో పెట్టనివ్వకుండా కట్టుదిట్టం చేశారట. పోనీ అక్షరాలను కర్వులు చేసేద్దామన్నాను. అంటే అక్షరాన్ని బొమ్మగా మార్చేయడం. ఇక ఫాంట్ గొడవే ఉండదు, ఐదు నిమిషాల పని. ఆయన ఒప్పుకోలేదు.

"కర్వులు ఆఖరి మందు బిడ్డా. రేపు డాక్టర్ సాబ్ ఒక్క ముక్క మార్చమంటే ఏం జేస్తవ్? బొమ్మను దిద్దుతవా?"

దిద్దుకోవడానికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క ఫైలే. కాపీ పెట్టుకోవాలన్న తెలివి కూడా అప్పటికి లేదు. చివరికి ఎంబెడ్ చేయనిచ్చే ఇంకో లావు ఫాంట్ వెతికి, మోతాదుల వరుసలన్నీ దాంట్లోకి మార్చాం. వరుసలు జరిగాయి, పట్టికలు చెదిరాయి. ఆయన మూలనున్న తెరమీద చూస్తూ పైకి చదువుతుంటే, నేను డాక్టర్ గారు రాసిచ్చిన కాగితాల్లో సరిచూసుకున్నాను. ముప్పై రెండు పేజీలూ అలాగే చదివాడు. మధ్యలో చిన్నమ్మ సర్వపిండి ముక్కలు తెచ్చి పెట్టింది. "గా పిల్లను జర తిననియ్యి," అని ఆయన్ను కసిరింది.

మర్నాడు పొద్దున డాక్టర్ గారు ఫోన్ చేశారు. ఒక మోతాదు తగ్గించాలట. నిమిషంలో తగ్గించాను. బొమ్మలు చేసి కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు. ఉద్యోగం నిలిచింది. స్వీటు పెట్టె పట్టుకెళ్లి, నీవల్లే చిన్నాయనా అంటే, ఆయన కొట్టిపారేశాడు. "నౌకరి ముచ్చట ఇడువు. ఎవరి పోరనికో మందు ఎక్కువ వడకుండ అయింది. గది చాలు."

ఆ తర్వాత పన్నెండేళ్లు ఆయన ప్రెస్ నాకు రెండో ఆఫీసు అయింది. ఆయన మంచివాడని చెబుతున్నానని మెత్తనివాడు అనుకోకండి. ఒక్క ఫాంట్ హాజరు పలకకపోయినా ఫైలు వెనక్కి పంపేవాడు. ఆ మొండితనం నచ్చక పక్క సందులోని షాపుకు పోయిన గిరాకీ చాలానే ఉంది. చిన్నమ్మ సణిగేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఫోన్‌లో ఫైలు పంపి "అర్జెంట్ కాకా" అన్నవాళ్లకు ఆయన దగ్గర ఒకటే జవాబు. "ఫికర్ చేయకు. అర్జెంటుగా తప్పు కొట్టుడు నాకు రాదు."

ఒకసారి దీపావళి ముందు ప్రెస్ దులపడంలో సాయం చేద్దామని వెళ్లాను. ఆయన బజారుకు పోయిన సమయంలో, పాపం ఈ పాత కంప్యూటర్ ఇలా బోసిగా పడి ఉందే అనిపించి, నా దగ్గరున్న తెలుగు ఫాంట్లన్నీ దాంట్లోకి ఎక్కించాను. నూరుకు తక్కువ ఉండవు. అన్నీ తెలిసి చేసిన పని! చిన్నాయన వచ్చి ఆ ఫాంట్ల జాబితాను కిందిదాకా జరుపుకుంటూ పోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "కావలి కుక్కకు కడుపునిండ బువ్వ పెట్టి పండవెట్టినవ్ గద బిడ్డా!" ఆ ఫాంట్లన్నీ ఒక్కొక్కటీ తీసేసేసరికి పొద్దు గూకింది. ఏళ్ల తరబడి, ప్రెస్‌కు ఎవరొచ్చినా నా ముందే ఆ కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఫాంట్ల లెక్క పెరిగేది. మొన్నటికి మూడొందలైంది.

ఆయన పోయిన నాలుగో రోజు చిన్నమ్మ అడిగింది, దశదినకర్మ కార్డు నన్నే చేయమని. ఆయనకిష్టమైన గుండ్రటి అక్షరాల్లో పేరు పెద్దగా పెట్టాను, కింద ఫొటో, తేదీ, చోటు. సాయంత్రానికల్లా కార్డులు కొట్టి పంచాలి. ఆఫీసులో ఇచ్చిన కొత్త లాప్‌టాప్‌లో చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, అదే లోకల్ రైలెక్కాను. తెలుగు పుస్తకాలు ఎన్ని చేశానో నాకే లెక్క తెలియదు. హాజరు తీయాలని గుర్తే రాలేదు. అలవాటుగా మాత్రం మూలకు వెళ్లి ఖాళీ కంప్యూటర్‌లో తెరిచాను.

చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని తెరలోకి వంగింది. ఫొటోలో చిన్నాయన ఉన్నాడు. పైన ఆయన పేరుండాల్సిన చోట ఇంగ్లీషు ముక్కలూ చుక్కలూ ఉన్నాయి.

"గిదేంది బిడ్డా, మీ చిన్నాయన పేరు గిట్లుంటదా?"

కొత్త లాప్‌టాప్‌లో ఆ టిక్కు పెట్టడం మరిచాను. "నువ్వు చూస్తే తిడతావు చిన్నాయనా," అన్నాను ఫొటోతో. "తిట్టడు, నవ్వుతడు," అంది చిన్నమ్మ. అంటూ తనే నవ్వింది. నేనూ నవ్వాను. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

సంచిలోంచి లాప్‌టాప్ తీసి టిక్కు పెట్టి, ఫైలు మళ్లీ చేసి తెచ్చాను. ఈసారి ఖాళీ కంప్యూటర్‌లో ముందు ఫాంట్ల జాబితా తీశాను. గాజు తెర దుమ్ముపట్టి ఉంటే, తుడుద్దామని చున్నీ కొస పట్టుకుని ఆగిపోయాను. ఎడమ పక్కన, పేర్లు వచ్చే చోట, పైనుంచి కిందికి వేలిముద్రలు ఉన్నాయి. ఇన్నేళ్లూ హాజరు పిలిచిన వేలివి. చున్నీ వదిలేసి, ఆ ముద్రల మీదే నా వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి పిలిచాను. అందరూ వచ్చారు. అప్పుడు కార్డు తెరిచాను. చిన్నమ్మ దగ్గరికి జరిగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఆ ఖాళీ కంప్యూటర్‌లో ఆయన పేరు మొత్తం చదివింది.