దాలయ్య వాటాకొచ్చిన గాజు బంతి

"ఆ పిల్ల నా వాకిట్లో మజ్జిగ తాగి మరీ అడిగింది జగన్నాధం. నాను సూళ్ళేదనీసినాను."

దాలయ్య తలెత్తలేదు. నౌపడలో సెల్‌ఫోన్లు బాగుచేసే జగన్నాధం కబురందగానే ఉప్పు మడుల గట్టు మీదుగా సైకిలేసుకుని వచ్చాడు. వాళ్ళిద్దరి మధ్యా గోనెసంచి మీద పెద్ద గుమ్మడికాయంత గాజు బంతి, రెండు చెక్కలుగా విప్పి ఉంది.

"మొదట్నుంచీ సెప్పు మావా."

నలభై ఏళ్ళుగా దాలయ్య బతుకు చెవి మీదే నడిచింది. తెడ్డు నీళ్ళలో ముంచి, దాని పిడికి చెవి ఆనించి, అడుగున కూసే గొరక చేపల మంద ఎటుందో చెప్పేవాడు. అతను చెయ్యెత్తితేనే వల దిగేది.

మాఘమాసంలో ఒకరోజు అలాగే ఇంజనాపి వింటుంటే, కాస్త దూరంలో నారింజరంగు జెండా తేలుతోంది. దాని కింద పసుపుపచ్చ డిప్ప, డిప్పలో ఈ బంతి. సముద్రంలో దొరికి బోటెక్కింది ఏదైనా చేపతో సమానమే, వాటాలు పడాల్సిందే. జెండా గంగులుకి, తాడు నాగబాబుకి, డిప్ప బాబీకి. బంతి దాలయ్యకి.

"లోపల బేట్రీలున్నాయి. పీకి గుమ్మానికి లైటు కట్టీసినాను."

నెల తిరక్కుండా విశాఖపట్నం నుంచి భారతి అనే ఆ పిల్ల వచ్చింది, చేతిలో ఆ బంతి ఫొటోతో. సముద్రం కింద నేల పెంకు ఎంత మందమో, దాని కింద రాయి ఎలాంటిదో తెలుసుకునే పని ఆమెది. ఓడ మీంచి నీళ్ళలో గాలిని ధబ్బుమని పేలుస్తారట. ఆ అదురు నీరు దాటి, బురద దాటి, రాతి పొరల్లోకి దిగి తిరిగొస్తుంది. ఏ పొరలో ఎంత వేగంగా నడిచిందో చూస్తే ఆ పొర సంగతి తెలుస్తుంది. అడుగున కూర్చుని ఆ అదుర్లన్నీ రాసుకునేది ఈ బంతే. పనయ్యాక బరువు వదిలేసి పైకి తేలుతుంది. ఈసారి ఓడ చేరేలోపల నీటివాలు దాన్ని లాక్కుపోయింది.

"అయితే అది ఇంటాదా అమ్మా?"

"మీరు తెడ్డుతో విన్నట్టే తాతా. ఊళ్ళో మీ గురించి చెప్పారు. అందుకే ముందు మీ దగ్గరికొచ్చాను."

ఆమె నెత్తిమీదే ఆ లైటు వేలాడుతోంది. దాలయ్య "సూళ్ళేదమ్మా" అన్నాడు. ఖాళీ గ్లాసు అందుకుంటూ కూర్మమ్మ మొగుడి వైపు ఒక్క చూపు చూసి లోపలికెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ లైటు వెయ్యలేదు.

బోటులో దాలయ్య తెడ్డు ముట్టడం మానేశాడు. "సెవిలో నీరు పట్టింది" అన్నాడు. అది రెండో అబద్ధం. "మావకి సెవుడొచ్చీసింది, పెళ్ళాం తిట్లు కూడా ఇనబడవు, అదృష్టవంతుడు!" అని గంగులు ఎగతాళి పట్టించాడు. దాలయ్య నవ్వలేకపోయాడు.

అంతా విని జగన్నాధం, బంతి లోపలి కార్డుని వెలుగుకి పట్టి చూశాడు. "రాసుకున్నది ఇందులో ఉండొచ్చు మావా. కానీ బేట్రీ పీకినప్పుడే లోపలి గడియారం ఆగిపోయుంటాది. అది సరిగ్గా నడిసిందో లేదో ఇంక సరిసూసుకోడానికుండదు. ఏ అదురు ఏ చణంలో వచ్చిందో తేల్చడం ఆవిడకి కష్టమే."

దాలయ్య మొహం మాడిపోయింది. "ఇనేవోడికి ఇనేవోడే అన్నాయం చేసినాడు."

"ఊరుకో మావా. ఒడ్డుకి కొట్టుకొచ్చిందని సెప్పి ఇచ్చీసి వస్తాను. నీ పేరెందుకు మద్దెన?"

"ఒరే! మూడో అబద్దం నీ సేత ఆడించీమంటావేటి?"

దాలయ్య లేచి గుమ్మానికున్న లైటు తెంపి, బంతి చెక్కలతో పాటు బ్యాటరీలు కూడా ఆ గోనెసంచిలో పెట్టాడు. సంచిని సైకిలు వెనక తాడుతో బిగించి, భారతి నంబరు రాసిచ్చిన కాయితం జగన్నాధం జేబులో పెట్టాడు.

"నాకు మొకం సెల్లదు. నువ్వు రేపు రైలెక్కి విశాపట్నం ఎల్లు. దాలయ్యకి దొరికింది, బేట్రీలు పీకినాడు, అడిగితే దాసినాడు అని సెప్పు. ముందు ఆ మాట సెప్పరా. సంచి తరవాత ఇప్పుదువు గాని."