పిన్ని మెడలో కత్తెర

మా కుట్టు పిన్ని పోయి నేటికి పన్నెండు రోజులు. ముందురోజు సాయంత్రమే గోడ మీంచి, "నీ జాకెట్టయిపోనాది. హుక్కులే బాకీ. రేపొచ్చి అట్టుకెల్లు" అంది. తెల్లారేసరికి నిద్రలోనే గుండె ఆగిపోయింది. మా శృంగవరపుకోట వీధిలో ఆడవాళ్ళ కొలతలన్నీ ఆవిడకు నోటికొచ్చు. బంధుత్వం ఏమీ లేదు, పక్కిల్లంతే. అయినా నాకు పిన్నే.

నలభై ఏళ్ళు దారాన్ని పంటితోనే తెంపింది. కత్తెర ఉన్నది గుడ్డ కోయడానికే అనుకునేది. యాభై దాటాక ముందుపళ్ళు కదిలి, ఎడమెడమై, బయటికి పొడుచుకొచ్చాయి. బ్రష్షు పెడితే రక్తం. నవ్వొస్తే కొంగు అడ్డం. పీకించేసి కట్టుడు పళ్ళు పెట్టించుకోమని ఎవరో చెప్పారు.

"నా పళ్ళు నాకే ఉండాలే గుంటా! సచ్చేదాకా ఇయ్యే ఉండాలి" అని నా దగ్గర ఏడ్చేసింది. అంత గట్టి మనిషి ఏడవగా చూడటం నాకదే మొదలు.

బస్సెక్కించి విజయనగరం పళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చిగుళ్ళ జబ్బు పళ్ళ చుట్టూ ఉన్న ఎముకను తినేసిందని డాక్టరమ్మ చెప్పింది. ముందు చిగుళ్ళు శుభ్రం చేసి, పోయినచోట ఎముకా చిగురూ మళ్ళీ పెరిగేలా చిన్న ఆపరేషన్ చేస్తారట. అది మానాక తీగలు కట్టి పళ్ళను మెల్లగా దగ్గరకు లాగుతారట. "కానీ ఇక దారం కొరికారో, పళ్ళు దక్కవు" అంది.

"ఓలమ్మ! ఈ వయసులో నాకు తీగలేటి!" అంటూనే ఒప్పుకుంది.

ఆ ఆసుపత్రిలో తీగలవాళ్ళంతా స్కూలు పిల్లలే. పిన్ని వాళ్ళ మధ్య దర్జాగా కూర్చుని, వాళ్ళ అమ్మలకు కొలతలు తీసేది. తిరుగు బస్సులో మా ఒళ్ళో జాకెట్టు గుడ్డల సంచి.

పెళ్ళిళ్ళ రోజుల్లో ఒకసారి పంటి మీద తీగను పట్టి ఉంచే బిళ్ళ ఊడింది. "జంతిక తిన్నానమ్మా" అని డాక్టరమ్మకు అమాయకంగా చెప్పింది. ఆవిడ తీగ సందులోంచి ఎర్ర పట్టుదారం పోగు లాగి చూపించి, "ఈ జంతిక ఏ కొట్లో కొన్నారు?" అంది. పిన్ని మొహం చూడాలి అప్పుడు! ఇంటికి వస్తూనే చిన్న కత్తెరకు నాడా కట్టి మెడలో వేసుకుంది.

ఇక మా వెంట పడింది. ఎవరు దారం నోటి దగ్గర పెట్టినా, "ఒసే, కొరక్కు! పళ్ళు కావాలేటి, వొద్దేటి?" అని అరిచేది.

చాలా నెలలు పట్టింది గానీ పళ్ళు దగ్గరకొచ్చి గట్టిపడ్డాయి. తీగలు తీసినరోజు కొంగు అడ్డం లేకుండా నవ్వింది. తేగలు చిన్న ముక్కలు చేయించుకుని మరీ తినేది. ఆ నవ్వు తెచ్చుకుంటే నాకిప్పటికీ హాయిగా ఉంటుంది.

నిన్న వాళ్ళమ్మాయి హుక్కులు కుట్టి నా జాకెట్టు తెచ్చింది. "అమ్మ పళ్ళన్నీ అమ్మతోనే ఎల్లిపోనాయక్కా. ఒక్కటీ ఊడలేదు" అని నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

చివరి హుక్కు దగ్గర దారం పోగు వేలాడుతోంది. నాకు తెలియకుండానే నోటి దాకా తీసుకెళ్ళాను.

"ఒసే అక్కా, కొరక్కు!" అంటూ ఆ పిల్ల తన మెడలోని నాడా తీసి, కత్తెర నా చేతిలో పెట్టింది.