మొదటి గడి దాటని టేపు బాబాయ్

ఏ బిల్డింగ్ డ్రాయింగ్ షీటైనా తీసి చూడండి, కుడివైపు కింది మూలలో చిన్న చిన్న గడులుంటాయి. గీసినవారు, సరిచూసినవారు, తేదీ, చివర్లో ఆర్కిటెక్ట్ సంతకం. ఇల్లు కట్టించుకునేవాళ్లు ఆ మూలకేసి తొంగి కూడా చూడరు. మా ఆఫీసులో ఒకాయన మాత్రం ఇరవై ఆరేళ్లు ఆ మూలనే చూస్తూ బతికాడు. మొదటి గడిలో ఆయన పొడి అక్షరాలు రెండు. చివరి గడిలో ఎప్పుడూ ఆఫీసు యజమానైన మా పెద్దాయన సంతకం.

ఆఫీసులో అందరికీ ఆయన టేపు బాబాయ్. చొక్కా జేబులో స్టీలు టేపు బరువుకి జేబు ఒక పక్కకి జారిపోయి ఉండేది. టీ కొట్టు బెంచీ కొలుస్తాడు, పళ్ల డాక్టరు దగ్గర కుర్చీ కొలుస్తాడు, ఎవరింటికైనా వెళ్తే మంచినీళ్లు ఇచ్చేలోపు గుమ్మం కొలుస్తాడు. నేను ట్రైనీగా చేరిన రోజున నా బల్ల దగ్గరికి వచ్చి కొలిచి, "రెండంగుళాలు ఎత్తెక్కువ. కుర్చీలో దిండు వేసుకో, లేదంటే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది," అన్నాడు. వేసుకోలేదు. పట్టేసింది.

కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన చెప్పే మొదటి పాఠం ఒకటుంది. నాకూ చెప్పాడు. "డ్రాయింగ్ ఎంత అందంగా ఉన్నా నమ్మొద్దు. సైటు నుంచి కొలత తెప్పించుకో. కాగితం మీద గోడ కదలకుండా బుద్ధిగా ఉంటుంది. సైటులో మేస్త్రీకి ఎక్కడ తోస్తే అక్కడ లేస్తుంది."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఈ కథంతా ఆయన ఒకే ఒక్కసారి ఈ మాట మర్చిపోవడం గురించే.

బాబాయ్ చదివింది రెండేళ్ల డ్రాయింగ్ కోర్సు. ఆర్కిటెక్ట్‌గా సంతకం పెట్టాలంటే గుర్తింపు ఉన్న చోట ఐదేళ్లు చదివి, రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అది లేనివాడు మహాసౌధాన్ని గీసినా మొదటి గడిలోనే ఉండిపోతాడు. బాబాయ్ చెల్లెలి ఇల్లు మొత్తం ఆయనే ఆలోచించి, ఆయనే గీశాడు. గాలి ఎటు రావాలి, ముసలి అత్తగారు ఎన్ని అడుగులేస్తే బాత్రూమ్ చేరుతుంది, అన్నీ. మున్సిపాలిటీ అనుమతికి ఆర్కిటెక్ట్ సంతకం కావాల్సి వచ్చింది. పెద్దాయన ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూనే, షీటు వైపు చూడకుండా సంతకం గీకి ఇచ్చేశాడు. ఇల్లు పూర్తయ్యాక గేటు పక్కన రాయి మీద పెద్దాయన పేరు చెక్కారు.

బాబాయ్ కూతురికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ రాయి మీద అక్షరాలన్నీ వేలితో తడుముకుంటూ చదివి, "నాన్నా, నీ పేరెక్కడుంది?" అని అడిగింది.

"లోపలుందమ్మడూ."

పిల్ల లోపలికెళ్లి గది గదీ తిరిగి, గోడలన్నీ చూసి, మేడెక్కి దిగి వచ్చింది. "లేదు నాన్నా. అంతా వెతికాను."

బాబాయ్ ఆ రోజు భోజనం చేయకుండా వచ్చేశాడట. దారిలో కూతురు ఓదార్చింది. "నేను పెద్దయ్యాక సంతకం పెడతాలే. నువ్వు గీయి, నేను పెడతాను." ఆ ఇంట్లో అది ముద్దు మాటగా మొదలై, కొన్నాళ్లకు ముహూర్తం పెట్టుకున్నంత గట్టి మాటైపోయింది.

పిల్ల చదివింది. పరీక్ష రాసింది. రెండు చోట్ల ఆర్కిటెక్చర్ సీటొచ్చింది. ఒకటి పాత యూనివర్సిటీ, రైల్లో ఆరు గంటల ప్రయాణం. రెండోది ఊరి చివర కొత్త యూనివర్సిటీ, బస్సెక్కితే గంట. సోమవారం సాయంత్రం ఐదింటిలోపు ఒకటి ఖాయం చేసుకోవాలి. ఖాయం చేసుకున్న క్షణాన రెండోది పోతుంది.

శనివారం తండ్రీకూతుళ్లు పాత యూనివర్సిటీకి వెళ్లారు. బాబాయ్ గేటు దాటగానే టేపు తీశాడు. మెట్లు కొలిస్తే ఒకటి ఆరంగుళాలు, దాని పైది ఏడున్నర. మూడో అంతస్తు క్లాసులో పైకప్పు కారుతోంది, కింద నీలం బకెట్. డ్రాయింగ్ బల్లలు పడవల్లా ఊగుతున్నాయి. ఒక బాత్రూమ్‌కి గడియ లేదు, దాని బదులు తాడు. బాబాయ్ అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. ఏడు తప్పులు.

కూతురు ఆ బకెట్ దగ్గరే ఆగిపోయింది. గోళ్లనిండా జిగురు అంటుకున్న ఓ సీనియర్ అమ్మాయి నేల మీద కూర్చుని, తల పైకెత్తి చూసి ఏదో రాసుకుంటోంది.

"కారుతోంది కదా, బాగు చేయించరా?" అడిగింది ఈ పిల్ల.

"ఎందుకు కారుతోందో కనుక్కోమని మా మేడమ్ అందరికీ పని ఇచ్చింది. బాగు చేయిస్తే మా మార్కులు పోతాయి. నోరు జారకు."

ఆ మేడమ్ కూడా అక్కడే ఉంది. యాభై ఏళ్ల మనిషి, చెప్పులు విప్పేసి పిల్లల మధ్య నేల మీద కూర్చుని ఒక అబ్బాయి చేసిన అట్ట ఇల్లు పట్టుకుని చూస్తోంది. "ఇందులో మీ అమ్మ బట్టలెక్కడ ఆరేస్తుంది? చూపించు." వాడు వంగి అట్ట ఇంటి చుట్టూ వెతికాడు. "ఆరేయదా? తడి బట్టలతో తిరుగుతుందా?" అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. ఈ పిల్ల కూడా వాళ్ల పక్కనే కూర్చుండిపోయింది. బాబాయ్ వచ్చి రైలు టైమైందని లేపేదాకా లేవలేదు.

ఆదివారం పొద్దున బాబాయ్ అటక మీంచి పెద్ద చుట్ట దించాడు. దుమ్ము దులిపి హాల్లో నేలంతా పరిచాడు. నలభై రెండు షీట్లు. కొత్త యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ భవనం మా ఆఫీసే డిజైన్ చేసింది, పన్నెండేళ్ల కిందట. పేరు పెద్దాయనది. గీసింది, తొంభై శాతం ఆలోచించింది బాబాయ్.

"చూడమ్మడూ. ఇది నువ్వు కూర్చునే స్టూడియో. ఉత్తరం గోడ మొత్తం కిటికీలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే వెలుగు, నీ చేతి నీడ కాగితం మీద పడదు. ఇదిగో, ఇది వర్క్‌షాపు. చెక్క కోసే మిషన్లకి విడిగా గది. ఈ కిటికీల కోసం నేను పెద్దాయనతో నెల రోజులు కొట్లాడాను."

బాబాయ్ భార్య కిటికీ పక్కన కుట్టు మిషన్ దగ్గరుంది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషన్ ఆపింది. "బానే ఉంది. రేపటిదాకా టైముందిగా, ఇద్దరూ ఒకసారి వెళ్లి చూసి రండి. గంటే కదా."

"చూసేదేముంది? అంతా ఎదురుగానే ఉంది."

"నేను పోయినేడు తీసిన కొలతలతో ఈ ఏడు చొక్కా కుట్టను."

"మనుషులు లావెక్కుతారే. బిల్డింగులు లావెక్కవు."

"కట్టాక మీరు ఒక్కసారైనా చూశారా?"

బాబాయ్ చూడలేదు. మా ఆఫీసులో గీసేవాళ్లని సైటుకి పంపరు, అది ఇంజనీర్ల పని. ప్రారంభోత్సవానికి పిలుపు కూడా రాలేదు. పిలవని చోటికి తనంతట తానుగా వెళ్లనని అప్పుడే పంతం పట్టాడు. పన్నెండేళ్లూ ఆ రోడ్డు మీద బస్సెక్కలేదు.

కూతురు మోకాళ్ల మీద కూర్చుని షీట్లు చూస్తూ మెల్లిగా అంది. "నాన్నా, నాకు ఆ మేడమ్ నచ్చింది."

"మేడమ్ రేపు ఉద్యోగం మానేస్తుంది. కిటికీ మానేస్తుందా?"

"అక్కడ పిల్లలు..."

"పిల్లలు ఎక్కడైనా పిల్లలే. ఆ మెట్లు చూశావా? సొంత మెట్లు సరిగ్గా కట్టుకోలేనివాళ్లు నీకేం నేర్పుతారు?"

పిల్ల తర్వాత ఎప్పుడో నాతో చెప్పింది. "ఆయన ఆ కిటికీల మీద చెయ్యి పెట్టి నిమురుతున్నాడు. ఇక కాదని ఎలా అంటాను? వాటి పక్కన నన్ను కూర్చోబెట్టుకోవాలని ఆయన ఆశ."

సోమవారం నాలుగూ నలభైకి ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని కూతురే కొత్త యూనివర్సిటీ పేరు మీద బటన్ నొక్కింది. బాబాయ్ మా అందరికీ టీ చెప్పాడు.

చేరాల్సిన రోజున కూతురితో పాటు బాబాయ్ వెళ్లాడు. జేబులో టేపు, చేతిలో స్టూడియో షీటు ఒక్కటి. కొత్త చొక్కా, భార్య కుట్టింది. ముందువైపు నుంచి భవనం చూడగానే ఆయన మొహం వెలిగిపోయిందట. అచ్చం తను గీసినట్టే ఉంది. లోపల మెట్లు కూడా, ఒక్కో మెట్టూ ఆరంగుళాలు, వెంట్రుక వాసి తేడా లేదు.

స్టూడియో తలుపు తీశారు. పట్టపగలు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి.

ఉత్తరం గోడకి కిటికీలు లేవు. కొన్నేళ్ల కిందట ఆ పక్కనే, ఈ గోడని ఆనుకుని, ఇంకో కోర్సు కోసం ఐదంతస్తులు లేపారు. కిటికీలన్నీ ఇటుకలతో పూడ్చి, పైన సున్నం వేశారు. బాబాయ్ ఆ గోడ మీద చెయ్యి వేసి చూశాడు. సున్నం కింద కిటికీ అంచు చేతికి తగులుతూనే ఉంది. టేపు తీసి గది కొలిచాడు. తొమ్మిదడుగులు పొట్టి. అడ్డుగోడ కట్టి ఆ ముక్కని పరీక్షల గది చేశారు.

"ఏం కొలుస్తున్నారు సార్?" అన్నాడు సెక్యూరిటీ అతను.

"వర్క్‌షాపు ఎక్కడ?"

"అడ్మిషన్లాఫీసు లోపలికెళ్లండి, సోఫాలుంటాయి. ఇంతకుముందు అదే వర్క్‌షాపనేవాళ్లు."

బాబాయ్ బయటికొచ్చి పాత యూనివర్సిటీకి ఫోన్ చేశాడు. అవతలి గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. "ఆ సీటు వేరే అమ్మాయికి వెళ్లిపోయిందండీ. నిన్న చేరింది కూడా."

కూతురు వరండాలో నిలబడి చూస్తోంది. ఆయన చేతిలోని షీటు తీసుకుని గట్టిగా చుట్టి, "నాన్నా, నీకు బస్సు టైమవుతుంది," అంది.

అంతటితో ఆగిపోయినా బాగుండేది. చీకటి గదిలో కూర్చునైనా చదువు చదువే కదా. మూడో ఏడు గుర్తింపు మండలి నుంచి తనిఖీకి వచ్చారు. మేనేజ్‌మెంటు వాళ్లు హాల్లో బల్ల మీద డ్రాయింగులు పరిచారు. ఏ డ్రాయింగులో వేరే చెప్పక్కర్లేదు. బాబాయ్ గీసిన ఆ నలభై రెండు షీట్లే. ఇదిగో స్టూడియో, ఇదిగో వర్క్‌షాపు అని చూపించారు. వచ్చిన ముగ్గురిలో ఒకావిడ మాత్రం సంచిలోంచి టేపు తీసి లోపలికి నడిచింది.

స్టూడియో చాలదు, వర్క్‌షాపు లేదు, రికార్డులో ఉన్న పద్నాలుగు మంది టీచర్లలో నిజంగా ఉన్నది ఆరుగురు. ఆ పిల్ల బ్యాచ్ నుంచి గుర్తింపు తీసేశారు. చదువు ఆగదు, డిగ్రీ ఇస్తారు. రిజిస్ట్రేషన్ మాత్రం రాదు. అంటే సంతకం లేదు. ఇంకెక్కడైనా చేరాలంటే మళ్లీ పరీక్ష రాసి మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి.

"రాయి అమ్మడూ. మూడేళ్లే కదా పోయింది," అన్నాడట బాబాయ్.

"ఎక్కడ చేరమంటావో అది కూడా నువ్వే చెప్పు," అందట. ఆ ఇంట్లో ఆ రాత్రి కుట్టు మిషన్ కూడా నడవలేదు.

ఐదేళ్లూ అక్కడే పూర్తి చేసింది. తర్వాత మా ఆఫీసులోనే చేరింది. ఇంకెవరూ తీసుకోలేదు. బాబాయ్ పక్క బల్ల. నా బల్ల మూడోది, అందుకే ఇదంతా చూశాను. చెయ్యి అచ్చం తండ్రిదే. గీత మొదలెట్టిన చోటా ఆపిన చోటా కాస్త ఒత్తి వదలడం కూడా అదే.

పెద్దాయన ఆ పిల్ల మొదటి షీటు చూసి మురిసిపోయాడు. "తండ్రీకూతుళ్లు ఒకే షీటు మీద! భలే ఉందయ్యా. ఇంక నువ్వు సరిచూడు, పిల్ల గీస్తుంది." ఇరవై ఆరేళ్లకి బాబాయ్ రెండో గడిలోకి వచ్చాడు. ఖాళీ అయిన మొదటి గడి కూతురికిచ్చి.

అది ఒక స్కూలు భవనంలో పాత మెట్లు మార్చే పని. ఆమె గీసి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సరిచూస్తారా సార్?"

ఆఫీసంతా తల తిప్పింది. సార్ అని పిలవమని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని మూల నుంచి మూల దాకా చూసి పెన్ను తీశాడు. "చూశానమ్మడూ. ఒక్క తప్పు లేదు."

"కాగితం మీద చూశారా, వెళ్లి చూశారా?"

గొంతు పెంచలేదు. వెటకారమూ లేదు. ప్రింటరులో కాగితాలున్నాయా అని అడిగినట్టే అడిగింది. బాబాయ్ పెన్నుకి మూత పెట్టాడు. సెలవు చీటీ రాసి పెద్దాయన బల్ల మీద పెట్టి, టేపు తీసుకుని బస్సెక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. ప్యాంటు మోకాళ్లకి సిమెంటు. చిన్న పుస్తకం తెరిచి ప్రతి పాత మెట్టు కొలతా షీటులో ఉన్నదానితో పోల్చి చూసుకున్నాడు. పదహారు మెట్లు.

"సరిపోయింది," అని రెండో గడిలో తన పొడి అక్షరాలు రాశాడు.

ఆమె సరేనని తలూపింది. షీటు చుట్టి పెద్దాయన గదిలోకి తీసుకెళ్లింది. తలుపు తెరిచే ఉంది. పెద్దాయన ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. షీటు ముందు పెట్టగానే, మాట ఆపకుండా, చూడకుండా, చివరి గడిలో సంతకం గీకి ఇచ్చేశాడు.