ఏలుమలై పోసిన పీపా

పుదుచ్చేరి సముద్రం ఒడ్డున ఏలుమలైని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అతను తండేలే. అంటే సలంగు పడవ వెనక నిలబడి చుక్కాని తెడ్డు పట్టేవాడు. అబ్బ, ఆ పడవల సంగతి చెప్పకపోతే కథ ముందుకు సాగదు! ఒక్క మేకు కూడా కొట్టకుండా, పలకలను కొబ్బరితాడుతో కుట్టి చేసిన పడవలవి. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఆవిరి ఓడలు దూరంగా లంగరేసేవి. సరుకును వీటిలోనే ఒడ్డుకు తెచ్చేవాళ్ళు. అల విరిగే చోటు దాటించాలి చూడండి, తండేలు గొప్పంతా అక్కడే.

అందుకు వాళ్ళకొక ఉపాయం ఉండేది. అల మరీ మొండికేస్తే తండేలు చెంబుడు చేపనూనె నీళ్ళ మీద పోసేవాడు. నూనె పరుచుకున్న మేర నీళ్ళు కాసేపు మెత్తబడేవి. ఆ సందులో పడవ జారిపోయేది. ఏలుమలైకి తాత నేర్పిన పని అది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు, పుష్యమాసంలో, మిల్లు బాయిలర్లకని ఒక ఓడ నల్లనూనె పీపాలు తెచ్చింది. ఆ రోజు గాలికి పిచ్చెత్తింది. ఏలుమలై చెంబు మొత్తం వంచాడు. చాల్లేదు. తెడ్లు వేసేవాళ్ళు ఉన్న దేవుళ్ళందరినీ పిలుస్తున్నారు. కాళ్ళ దగ్గర పీపా కనిపించింది. ఏదైనా నూనె నూనేగా అనుకున్నాడు పాపం. బిరడా పీకి దాన్ని సముద్రంలోకి దొర్లించాడు. మీదికొస్తున్న అల నడుము విరిగినట్టు కూలబడింది. మనుషులు, పడవ, మిగతా పీపాలు క్షేమంగా ఇసుక మీదికి చేరాయి.

సరుకు రంగనాథం సెట్టిది. పోయిన పీపా అలకు జారిపడిందనుకున్నాడాయన.

"ఏలుమలై, నువ్వు లేకుంటే ఈరోజు నా కొంప మునిగుండేదబ్బా! ఆదివారం అంగడికి రా. అందరి ముందర నీకు పొన్నాడ కప్పాల," అన్నాడు.

జరీ శాలువా! ఏలుమలై ఆ రాత్రి ఎంత సంతోషంగా నిద్రపోయాడో!

తెల్లారి చూస్తే ఒడ్డంతా నల్లని జిగురు. గుడ్లు పెట్టడానికొచ్చిన తాబేలు ఒకటి కాళ్ళు కదపలేక అందులో పడివుంది. తెల్లటి సముద్రపు పిట్టలు రెక్కలు అతుక్కుపోయి కోడిపిల్లల్లా గెంతుతున్నాయి. అక్కడే తడి ఇసుకలో ఆలిచిప్పలు ఏరి బతికే అన్నమ్మాళ్, ఏలుమలై సొంత అక్క, గంప బోర్లించి కూర్చుంది.

"ఏందిరా తమ్ముడా ఇది! యాడ తవ్వినా ఇదే జిడ్డు. ఆ కప్పలోడు ఓడ కడిగి మన నెత్తిన పోసి పోయినాడు. వాడి చేతులు పడిపోను!"

ఏలుమలై చేతులు వీపు వెనక్కి పోయాయి. గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు.

"నువ్వు పీపాలు మోసినావు గదా, సబ్బేసి రుద్దుకో పో," అంది ఆమె, ప్రేమగానే.

అదిగో, అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. గోనెపట్టా తెచ్చి తాబేలును తుడిచాడు. తుడిచినకొద్దీ నలుపు ఇంకాస్త పాకింది. మధ్యాహ్నానికి అది చచ్చిపోయింది.

ఆదివారం అంగడి ముందు జనం. అన్నమ్మాళ్ ఉతికిన చీర కట్టుకొని మెట్ల దగ్గర నిలబడింది, తమ్ముడి మర్యాద చూద్దామని. సెట్టి పొన్నాడ కప్పగానే, ఇంకో పడవ తండేలు వీరాసామి ఏలుమలై చెవి దగ్గరికి వంగాడు.

"మామా, నీ పడవోళ్ళు గుట్టంతా చెప్పేసినార్లే! ఇంక చెంబు ఎవడిక్కావాల? వచ్చే ఓడకు మేమూ తలా ఒక పీపా వంచేస్తాం."

ఏలుమలైకి భుజాల మీద జరీ మండినట్టయింది. ఊరుకుంటే ఈ పొన్నాడ, పేరు మిగులుతాయి. కానీ సముద్రం రేగినప్పుడల్లా ప్రతి పడవా ఒక పీపా వంచుతుంది.

"సెట్టియార్, ఆ పీపా జారి పడలే. నేనే పోసినా."

సెట్టి నవ్వేశాడు. "పోతే పోనీలేవయ్యా, ఒక్క పీపా!"

"ఒడ్డుకు పోయి చూసినారా మీరు?" అని, వీరాసామి వైపు తిరిగాడు. "చేపనూనె కాసేపటికి పోతాదిరా. ఇది పోదు. నేను తెలీక పోసినా. నువ్వు తెలిసి పోయొద్దు."

మెట్ల దగ్గర నుంచి అన్నమ్మాళ్ గొంతు వినిపించింది.

"ఇన్ని దినాలూ నేను తిట్టింది నిన్నేనా?"

"అవునక్కా."

"మరి వింటా కూచున్నావే!"

ఆమె తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఏలుమలై పొన్నాడ మడిచి సెట్టి పీట మీద పెట్టాడు.

తర్వాతి ఓడ వచ్చినప్పుడూ సముద్రం రేగింది. వీరాసామి పీపా వంచకుండా ఓడ పక్కనే పడవ నిలిపి, అలలు తగ్గాక సాయంత్రానికి ఒడ్డు చేరాడు.

"నీ పుణ్యమా అని మా కూడు చల్లారిపోయె గదా, మామా!" అన్నాడు.

ఆ మాటకు అందరూ నవ్వారు, ఏలుమలై తప్ప.

అన్నమ్మాళ్ గంపలోకి మళ్ళీ ఆలిచిప్పలు రావడానికి చాలాకాలం పట్టింది. అంతవరకూ ఆమె తమ్ముడితో మాట్లాడలేదు. వాటితో మొదటిసారి వండిన కూర మాత్రం గిన్నెలో తెచ్చి అతని గడపలో పెట్టి, పలకరించకుండానే వెళ్ళింది. ఏలుమలై తలెత్తకుండా తిన్నాడు. గిన్నె తోమి ఆమె గడపలో పెట్టి, తలుపు తట్టే ధైర్యం లేక వచ్చేశాడు.