టమాటా నారుకు వేసిన ముడి

సరిహద్దు సైనిక పోస్టుకు చేరేసరికి పొద్దున పదకొండు నలభై. మే నెల. పదమూడు వేల అడుగుల ఎత్తు. చుట్టూ రాయి, ఉత్తరం వాలులో కరగని మంచు. అక్కడి పదిహేనుమందికి వంటవాణ్ణి నేను. ఎనిమిదో తరగతి దాటగానే బడి నన్ను వదిలించుకుంది. గరిటె మాత్రం వదల్లేదు.

నా సంచిలో సూరత్ సామాను ఉంది. సూరత్ పక్క జోల్వాలో, వలస వెళ్లిన మా నాన్న సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే షెడ్డులోంచి తెచ్చిన పెద్ద ప్లాస్టిక్ కవర్లు, దారం అయిపోయిన కాగితం కోన్లు నలభై, టమాటా విత్తనాలు. డబ్బా కూరలతో విసిగినవాళ్లకు తాజా కాయ తినిపించి పేరు కొట్టేద్దామని నా ఆశ.

బంకర్ వెనక్కి వెళితే అక్కడ అప్పటికే ఒక ప్లాస్టిక్ గూడు. లోపల వేలెడు పాలకూర. రేడియో ఆపరేటర్‌దట. మెదక్ వైపు రైతుబిడ్డ. జవాన్లు నా పప్పు తింటూ అతని ఆకును పొగిడేవాళ్లు. ఉప్పు నాది, మెప్పు వాడిది.

మూడు రోజుల్లో నాదీ లేపాను. రేషన్ పెట్టెల చెక్కలు, వంచిన తీగ, పైన కవర్లు, ముందువైపు ఎత్తి దించే మూత. కోన్లలో మన్ను నింపి గింజలు నాటాను. సాంచల షెడ్డులోకి పొడిగాలి వస్తే పోగు తెగుతుంది, అందుకే తలుపులు మూసే ఉంచుతాం. నారుకూ అంతే అనుకున్నాను. ఎనిమిదికి నీళ్లు పోసి మూసేవాణ్ణి. రెండు దాకా వంటగది వదలడం కుదరదు. అయినా మొక్కలు నాలుగాకులు వేశాయి. నా తెలివే అనుకున్నాను.

ఒకరోజు పదకొండుకు కిరోసిన్ కోసం బయటికొస్తే, ఆపరేటర్ నా మూత ఎత్తి లోపలికి వంగి ఉన్నాడు.

"ఏందిరా, దొంగతనమా?"

"గాలి పెడుతున్న, సూరత్."

"నీ గాలి నీ పాలకూరకు పెట్టుకో. మల్ల ఇటొస్తే నీ రొట్టెల రాళ్లు పడ్తయ్."

నవ్వుతూనే అన్నాను. కడుపులో మాత్రం మంట, కిరోసిన్ అక్కర్లేని మంట. మర్నాడు నీళ్లు పోశాక మూతను తెల్ల దారంతో చుట్టూ కుట్టేశాను. చివర, తెగిన పోగును అతికే మా ముడి వేశాను. గింజంత ముడి. తెలియనివాడు విప్పలేడు.

పదీ ఇరవైకి వంటగదిలో టెలిఫోన్ మోగింది.

"సూరత్, నేను డ్యూటీల ఉన్న. ఇందాక పోయి గుంజిన, ముడి ఊడలే, నువ్వొచ్చి తియ్. ఎండ గట్టిగున్నది."

"ఊడొద్దనే వేసిన భాయ్."

"జర నా మాట ఇను, లోపల ఉడుకుతున్నయ్..."

పెట్టేశాను.

రెండింటికి వెళ్లి చూశాను. నలభై కోన్లలోనూ మొక్కలు నల్లబడి వాలిపోయాయి. ఆ ఎత్తులో పప్పు ఎన్నడూ సరిగా ఉడకలేదు. నారు మాత్రం బాగా ఉడికింది. ముడి మీద ఎర్రటి చుక్క ఉంది.

రేడియో బంకర్‌లో ఆపరేటర్ చూపుడువేలికి గుడ్డ చుట్టుకొని కూర్చున్నాడు. గోరు సగం ఊడింది. పక్కనే ఉన్న సుబేదార్ సాబ్ అన్నాడు: "నెల రోజుల సంది పదికి నీ మూత తీసి, ఒంటిగంటకు మూసింది ఇతనే."

ఆ వేలినే చూస్తూ అతన్ని అడిగాను.

"నడుముకు చాకు ఉండె గద. కోసెయ్యకపోయినవ్?"

"కోస్తె మల్ల దొంగంటవ్."

అక్టోబర్‌లో కొండ దిగి ఇంటికొచ్చాను. ఇప్పుడు జోల్వాలో మా డాబా మీద అలాంటి గూడే ఉంది, సూరత్ వానకు నారు కొట్టుకుపోకుండా. ఎండ రాగానే మూత ఎత్తుతాను. మొక్కలు బాగున్నాయని పక్కింటివాళ్లు పొగుడుతారు. అయినా అతని మీద నా ఈర్ష్య చావలేదు. అప్పుడు ఆకు మీద, ఇప్పుడు ఆ గోరు మీద.

టమాటాలు కాస్తాయి, కోస్తాను, తింటాను. కళ్ల ముందు నిలిచేది మాత్రం తెల్ల దారం, గింజంత ముడి, దాని మీద ఎర్రటి చుక్క.